రెండు ఆస్థానాల జపాన్: 1336–1392 అంతర్యుద్ధం అంతకాలం ఎందుకు సాగింది?

అడిగిన ప్రశ్న ఇది: "1336 నుంచి 1392 దాకా జపాన్‌లో ఒకేసారి ఇద్దరు చక్రవర్తులు ఉన్నారట. క్యోటోలో ఒకరు, దక్షిణాన యోషినో కొండల్లో ఇంకొకరు. షోగన్ సైన్యాల ముందు ఆ కొండల్లోని ఆస్థానం ఏపాటిది? మరి 56 ఏళ్లు ఎలా నిలబడింది? ఇంతకీ ఇద్దరిలో అసలు చక్రవర్తి ఎవరు?"

ఈ కాలాన్ని ఏళ్ల తరబడి చదువుతున్నాను కాబట్టి కాస్త పెద్దదిగానే రాస్తున్నాను. ముందు నా జవాబు సూటిగా చెప్పేస్తాను. యోషినో ఆస్థానాన్ని బతికించింది దాని సొంత బలం కాదు, ఎదుటి పక్షంలోని తగాదాలు. షోగన్ (దేశాన్ని నడిపే సైనికాధిపతి) పక్షంలో ఎవరికి ఎవరితో చెడినా, ఓడినవాడు వెళ్లి చేరడానికి ఒక చోటు ఉండేది. అక్కడికి వెళ్తే చక్రవర్తి ఆజ్ఞాపత్రం దొరికేది. ఆ కాగితం చేతికొచ్చాక అతను తిరుగుబాటుదారు కాదు, ధర్మం కోసం పోరాడుతున్నవాడు. ఈ సౌకర్యం అందరికీ కావాల్సి వచ్చింది. చివరికి అషికగా వంశపు మొదటి షోగన్ తకౌజికి కూడా. అందుకే దాన్ని తుడిచిపెట్టాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లు తక్కువ.

ఇక మొదటి నుంచి వద్దాం.

చీలిక మొదలైంది అన్నదమ్ముల దగ్గర. గో-సగా చక్రవర్తి 1246లో సింహాసనం వదిలి, విశ్రాంత చక్రవర్తిగా వెనకుండి పాలించాడు. ఆ రోజుల్లో అదే పద్ధతి. సింహాసనం మీద కుర్రవాడు ఉంటాడు, ఇంటి పెత్తనం మాత్రం తండ్రిది. గో-సగా ముందు పెద్దకొడుకు గో-ఫుకకుసాని కూర్చోబెట్టాడు. 1259లో అతన్ని దింపి తమ్ముడు కమేయమాని ఎక్కించాడు. తన తర్వాత ఇంటి పెద్దరికం ఏ కొడుకుదో తేల్చకుండా, ఆ నిర్ణయం కమకురాలోని సైనిక ప్రభుత్వానికి వదిలేసి 1272లో చనిపోయాడు. కమకురా పెద్దలు మహారాణిని అడిగారు. గో-సగా మనసులో ఉన్నది చిన్నవాడేనని ఆమె చెప్పింది. పెద్దవాడు కుమిలిపోయాడు. అది చూసి కమకురా అతని కొడుకుని యువరాజుగా పెట్టించింది. అప్పటి నుంచి అన్న వంశం, తమ్ముడి వంశం వంతులవారీగా సింహాసనం ఎక్కడం అలవాటుగా మారింది.

గొడవ కిరీటం ఒక్కదాని గురించే కాదు, భూముల గురించి కూడా. అన్న వంశం చేతిలో చోకోదో అనే ఆలయం పేరు మీద ఉన్న సుమారు 180 జాగీర్లు ఉండేవి. తమ్ముడి వంశానికి హచిజో-ఇన్ అనే రాకుమార్తె నుంచి వచ్చిన 200 పైచిలుకు జాగీర్లు. అంటే రెండు వంశాలకీ సొంత ఆదాయం, సొంత పరివారం, సొంత ఉద్యోగులు ఉన్నారు. ఒక వంశం పూర్తిగా ఓడిపోతే దాన్ని నమ్ముకున్న వందల కుటుంబాలు రోడ్డున పడతాయి. రాజీ ఎందుకు కుదరలేదని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తమ్ముడి వంశంలో కమేయమా మనవడు గో-దైగో. 1318లో, 31వ ఏట సింహాసనం ఎక్కాడు. అప్పటి లెక్కన అది పెద్ద వయసు. కానీ అతన్ని ఎక్కించింది తాత్కాలికంగానే. చనిపోయిన అన్న కొడుకు పెద్దవాడయ్యే దాకా ఖాళీ లేకుండా చూసే మనిషిగా పెట్టారు. తన కొడుకులకు రాజ్యం రాదని అతనికి మొదటి రోజే తెలుసు. ఈ ఏర్పాటుకి కాపలా కాస్తున్నది కమకురా. కాబట్టి కమకురా ఉన్నంతకాలం తన వంశానికి భవిష్యత్తు లేదని అతను తేల్చుకున్నాడు. 1324లో ఒక కుట్ర బయటపడింది, నెపం పరివారం మీదకు పోయింది. 1331లో రెండోది. ఈసారి సమాచారం ఇచ్చింది ఆయన సొంత మంత్రి యోషిదా సదఫుసాయే. ప్రభువు చేస్తున్నది వినాశనమని అతను నమ్మాడు. గో-దైగో రాజచిహ్నాలతో (ఖడ్గం, మణి, అద్దం) కసగి కొండకు పారిపోయి దొరికిపోయాడు. 1332లో ఓకి దీవులకు పంపేశారు. క్యోటోలో అన్న వంశపు కోగోన్‌ని చక్రవర్తిని చేశారు.

ఇక్కడితో కథ ముగిసిపోవాల్సింది. కుసునోకి మసషిగే అనే చిన్న స్థానిక నాయకుడు చిహయా కొండకోటలో కమకురా మహాసైన్యాన్ని నెలల తరబడి నిలబెట్టేయడంతో లెక్క మారింది. కమకురా ఓడలేదు, కానీ గెలవలేకపోతోందని దేశమంతా చూసింది. 1333లో గో-దైగో దీవి నుంచి తప్పించుకున్నాడు. అతన్ని అణచమని కమకురా పంపిన సేనాని అషికగా తకౌజి దారిలో పక్షం మార్చి, క్యోటోలోని కమకురా స్థావరాన్నే కూల్చాడు. సుమారు పదిహేను రోజుల తేడాలో తూర్పున నిట్టా యోషిసదా కమకురా నగరాన్ని పట్టుకున్నాడు. దాదాపు నూటయాభై ఏళ్ల ప్రభుత్వం ఆ ఒక్క నెలలో పోయింది.

ఆ నెలలో జరిగిన ఒక సంగతి దగ్గర కాసేపు ఆగాలి. క్యోటో నుంచి కోగోన్ చక్రవర్తిని వెంటబెట్టుకుని తూర్పుకు పారిపోతున్న కమకురా అధికారులను ఓమి ప్రాంతంలోని బంబా దగ్గర దారికాచి అడ్డుకున్నారు. ముందుకు దారి లేదు, వెనక్కి దారి లేదు. అక్కడి ఆలయంలో హోజో నకతోకి, అతనితో నాలుగు వందల ముప్పై మందికి పైగా, పొట్టలు చీల్చుకుని చనిపోయారు. ఆలయ పూజారి వాళ్లలో తెలిసిన 189 మంది పేర్లు, వయసులు ఒక కాగితపు చుట్ట మీద రాసి దాచాడు. యుద్ధగాథల్లో అంకెలు ఎప్పుడూ పెంచే ఉంటాయి. ఈ చుట్ట అలాంటిది కాదు. పేరు, వయసు, మళ్లీ పేరు, వయసు. తండ్రులు కొడుకులు పక్కపక్కనే ఉంటారు. ఇరవై ఏళ్ల కోగోన్ చక్రవర్తి ఇదంతా కళ్లారా చూశాడు.

గో-దైగో తిరిగొచ్చి తానే నేరుగా పాలిస్తానన్నాడు. షోగన్ వద్దు, వెనకుండి నడిపే విశ్రాంత చక్రవర్తి వద్దు. ఆలోచన పెద్దది, పనితీరు ఘోరం. ఎవరి భూమి హక్కు అయినా తన ఆజ్ఞాపత్రంతోనే చెల్లుతుందన్నాడు. దాంతో దేశం నలుమూలల నుంచి యోధులు దస్తావేజులు పట్టుకుని క్యోటోకి ఎగబడ్డారు. ఒకే భూమికి ఇద్దరికి పత్రాలు వెళ్లాయి, ఇచ్చినవి రద్దయ్యాయి, దొంగ పత్రాలు పుట్టాయి. 1334లో క్యోటో నది ఒడ్డున ఎవరో గోడరాతగా పెట్టిన వెక్కిరింపు పాట ఇప్పటికీ దొరుకుతోంది. నగరంలో ఇప్పుడు బాగా నడుస్తున్నవేమిటో వరసపెట్టి చెబుతుంది. రాత్రి దాడులు, దోపిడీలు, ఆ వెంటనే దొంగ ఆజ్ఞాపత్రాలు. జనానికి ఆ మూడూ ఒకే జాతివని అర్థం. దీనిపైన కొత్త రాజప్రాసాదం కట్టడానికి యోధుల ఆదాయం మీద ఇరవయ్యో వంతు పన్ను.

1335లో, కమకురా ప్రభుత్వాన్ని నడిపిన హోజో వంశపు వారసుడు ఆ నగరాన్ని తిరిగి పట్టుకుంటే, తకౌజి అనుమతి లేకుండా సైన్యం తీసుకెళ్లి అతన్ని తరిమేశాడు. అక్కడే ఉండిపోయి, తన వాళ్లకు భూములు పంచడం మొదలుపెట్టాడు. చక్రవర్తికి అది తిరుగుబాటు. 1336 మొదట్లో తకౌజి క్యోటో పట్టుకున్నాడు గానీ, ఈశాన్యం నుంచి సుడిగాలిలా వచ్చిన గో-దైగో పక్షపు యువ సేనాని కితబతకే అకిఇయే అతన్ని తరిమికొట్టాడు. తకౌజి నైరుతిన ఉన్న క్యుషు దీవికి పారిపోయాడు.

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ ప్రయాణంలో ఉంది. ఓడి పారిపోతున్న తకౌజికి అప్పుడు కావాల్సింది మనుషులకన్నా ముందు ఒక కాగితం. ఎదుట ఉన్నది "చక్రవర్తి సైన్యం" అయితే తన వెంట నడిచేవాళ్లకి భయం, సంకోచం. గో-దైగో పక్కకు నెట్టేసిన కోగోన్ ఇంకా విశ్రాంత చక్రవర్తిగా క్యోటోలోనే ఉన్నాడు. తకౌజి మనుషులు ఆయన్ని పట్టుకుని ఆజ్ఞాపత్రం రాయించారు. దైగో ఆలయ భిక్షువు కెన్షున్ దాన్ని దారిలో తకౌజికి అందించాడు. అంతే, ఇద్దరు చక్రవర్తుల మధ్య యుద్ధంగా అది మారిపోయింది. తకౌజి క్యుషులో తతరహమా దగ్గర గెలిచి, కొన్ని నెలల్లోనే సముద్రం మీదా ఒడ్డు వెంబడీ రెండు దండులతో తిరిగొచ్చాడు. ఐదో నెలలో మినతోగవా దగ్గర, ఇప్పటి కోబె నగరంలో, కుసునోకి మసషిగే ఓడి ప్రాణాలు తీసుకున్నాడు. క్యోటో ఖాళీ చేసి శత్రువుని లోపలికి రానిచ్చి, దారులు మూసి ఆకలితో చంపుదామని ఆయన సలహా ఇస్తే ఆస్థానం ఒప్పుకోలేదని తైహెయికి అనే యుద్ధగాథ చెబుతుంది. ఆ కాలపు మరో గాథ, అషికగా వైపు రాసినది, ఆయన తకౌజితో రాజీపడమన్నాడని అంటుంది. రెండూ గుర్తుపెట్టుకోదగ్గవే. గుడ్డిగా చచ్చే స్వామిభక్తుడిగా మసషిగేని తర్వాతి కాలం మలిచింది గానీ, రెండు గాథల్లోనూ ఆయన పరిస్థితిని అందరికన్నా స్పష్టంగా చూసిన మనిషే.

ఎనిమిదో నెలలో కోగోన్ తమ్ముడు కోమ్యో చక్రవర్తి అయ్యాడు. పదో నెలలో గో-దైగో లొంగిపోయి, పదకొండో నెలలో ఖడ్గం, మణి, అద్దం అప్పగించాడు. పన్నెండో నెలలో రాత్రికి రాత్రి యోషినోకి పారిపోయి, ఇచ్చినవి నకిలీవని, అసలువి తన దగ్గరే ఉన్నాయని ప్రకటించాడు. ఇదే రెండు ఆస్థానాల మొదలు. క్యోటోది ఉత్తర ఆస్థానం, యోషినోది దక్షిణ ఆస్థానం.

యోషినో ఎంపిక ఆషామాషీది కాదు. అది కొండల్లో తపస్సు చేసే యమబుషి సాధువుల కేంద్రం. వాళ్లకు ఆయుధాలు తెలుసు. ఇసె, కుమనో వైపు, అక్కడి నుంచి సముద్రం దాకా వాళ్లకే తెలిసిన కొండదారులు ఉన్నాయి. దక్షిణ ఆస్థానం ఆజ్ఞాపత్రాలను చిన్న కాగితం ముక్క మీద రాసి, జుట్టుముడిలో దాచి పంపేవారు. అలాంటి చిట్టి పత్రాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. పెద్ద మడతల ముద్రల కాగితం మీద రావాల్సిన రాజాజ్ఞ ఇలా అరచేతి ముక్కగా వస్తే, అందుకున్నవాడికి అది తక్కువగా అనిపించలేదు. దానికోసం ప్రాణాలకు తెగించాడు.

అయినా 1339 నాటికి దక్షిణం పని అయిపోయినట్టే కనిపించింది. 1338లో అకిఇయే ఇషిజు దగ్గర, యోషిసదా ఎచిజెన్‌లో చనిపోయారు. అకిఇయేకి 21 ఏళ్లు. చనిపోవడానికి వారం ముందు అతను గో-దైగోకి రాసిన విన్నపం దొరుకుతోంది. ఈ కాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పత్రం అది. జనం నలిగిపోయారు, మూడేళ్లు పన్నులు ఎత్తేయండి. విహారాలు, విందులు మానండి. పదవులు అర్హత చూడకుండా పంచకండి. పొద్దున ఇచ్చిన ఉత్తర్వు సాయంత్రానికి మార్చకండి. తన చక్రవర్తి కోసం చావబోతున్న కుర్రవాడు ఆయన తప్పులన్నీ మొహం మీద చెప్పి, ఆ తర్వాత వెళ్లి ఆయన కోసమే చచ్చాడు. మరుసటి ఏడాది గో-దైగో యోషినోలో కన్నుమూశాడు. ఆయన కొడుకు గో-మురకమి వయసు 12. అటు క్యోటోలో తకౌజి, 1338లోనే షోగన్ పదవి అందుకున్నవాడు, తాను ఎదిరించిన గో-దైగో ఆత్మశాంతి కోసం తెన్ర్యూ-జి అనే మహా ఆలయం కట్టించాడు. డబ్బు చాలక చైనాకి వర్తక ఓడ కూడా పంపాడు. అది నటన అనుకోను. తకౌజి గో-దైగోని భయంతోనూ ప్రేమతోనూ తలచుకున్నవాడే.

మరి ఇంత బలహీనపడ్డ దక్షిణం ఇంకో యాభై ఏళ్లు ఎలా ఉంది? ఇక్కడ చక్రవర్తుల నుంచి కళ్లు తిప్పి మామూలు యోధుల ఇళ్లలోకి చూడాలి. పాత పద్ధతిలో యోధుడి భూమిని కొడుకులకూ కూతుళ్లకూ అందరికీ పంచేవారు. తరాలు గడిచేసరికి వాటాలు ముక్కలై, ఏ ముక్కా ఒక గుర్రాన్ని, ఒక కవచాన్ని పోషించలేని స్థితి వచ్చింది. పద్నాలుగో శతాబ్దానికి వచ్చేసరికి ఒక్క వారసుడికే మొత్తం ఇవ్వడం పెరిగింది. మిగిలిన అన్నదమ్ములు అతని చేతికింద బతకాలి. అంటే దేశంలో దాదాపు ప్రతి యోధుడి ఇంట్లోనూ అన్యాయం జరిగిందనుకునే దాయాది ఒకడు తయారయ్యాడు. అన్న ఉత్తర ఆస్థానంతో ఉంటే తమ్ముడు దక్షిణ ఆస్థానంతో చేరితే సరి. గెలిస్తే అన్న భూమి "రాజద్రోహి ఆస్తి" కింద తనకే వస్తుంది. రాజవంశంలో జరిగిన కథే ఊరూరా ఇళ్లలో జరిగింది. పై నుంచి చూస్తే ఇద్దరు చక్రవర్తుల యుద్ధం, కింద నుంచి చూస్తే వేల వాటాల తగాదాలు.

వాళ్లు వదిలిన కాగితాలే సాక్ష్యం. యుద్ధం అయ్యాక ప్రతి యోధుడూ ఒక సేవా నివేదిక రాసి పై అధికారికి ఇచ్చేవాడు. ఏ నెల ఏ రోజున ఎక్కడ పోరాడాడో, ఎడమ తొడలో బాణం దిగిందో కుడి మోచేతికి కత్తి తగిలిందో, గుర్రం చచ్చిందో, నౌకరు చచ్చాడో అందులో ఉంటుంది. పక్కనుండి చూసిన సాక్షుల పేర్లూ ఉంటాయి. సేనాని చివర "చూశాను" అన్నట్టు ఒక ముక్క రాసి సంతకం గీసి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ కాగితమే రేపు భూమి అడగడానికి ఆధారం. అలాంటివి చాలా మిగిలాయి. వాటిలో ధర్మం గురించి, రాజభక్తి గురించి దాదాపు ఏమీ ఉండదు. గాయం ఉంటుంది, సాక్షి ఉంటాడు, కోరిక ఉంటుంది. పక్షం ఏదో తెలిసేది తేదీ దగ్గర వాడిన సంవత్సరం పేరుతో. ఒకే 1351 ఉత్తరానికి కన్నో 2, దక్షిణానికి షోహెయి 6. క్యుషులో తకౌజికి ఎదురుతిరిగిన అతని కొడుకు తదఫుయు మనుషులు ఉత్తరం మార్చేసిన పాత పేరునే పట్టుకుని జోవా 7 అని రాశారు. తర్వాతి ఏడాది అదే కుటుంబం ఇంకో పేరుతో తేదీ వేస్తుంది. సిగ్గు పడాల్సిన పనిగా ఎవరూ అనుకోలేదు.

ఈ లెక్క పై అంతస్తులో ఎలా పనిచేసిందో చూడాలంటే 1350 నుంచి 1352 దాకా జరిగిన కన్నో కల్లోలం చూడాలి. నా దృష్టిలో ఈ మొత్తం కాలానికి అదే గుండెకాయ. తకౌజి, అతని తమ్ముడు తదయోషి పని పంచుకుని పాలించేవారు. సైనికులను, బహుమతులను అన్న చూస్తే, న్యాయస్థానాలను తమ్ముడు చూసేవాడు. తదయోషి తీర్పులు పాత హక్కుదారులకు, ఆలయాలకు, ఆస్థాన ప్రభువులకు అనుకూలం. తకౌజి కార్యనిర్వాహకుడు కో నో మొరొనావో మాత్రం కత్తితో గెలిచినవాడిదే భూమి అనే కొత్త యోధుల మనిషి. 1348లో షిజోనవతె దగ్గర మసషిగే కొడుకు మసత్సురాని చంపి, యోషినోని తగలబెట్టింది ఇతనే. దక్షిణ ఆస్థానం ఇంకా లోపలికి, అనో అనే చోటికి పోయింది. చక్రవర్తి కావాలంటే కొయ్యతో చెక్కుకోవచ్చు, లోహంతో పోతపోసుకోవచ్చు అని అతను అన్నట్టు తైహెయికి చెబుతుంది. నిజంగా అన్నాడో లేదో గానీ, అతని జనం అలా ఆలోచించేవారని అప్పటివాళ్లు నమ్మారు.

1349లో మొరొనావో సైన్యంతో చుట్టుముట్టి తదయోషిని పదవి నుంచి దింపించాడు. 1350లో తదయోషి తప్పించుకుని ఎక్కడికి వెళ్లాడు? పదిహేనేళ్లు తాను వేటాడిన దక్షిణ ఆస్థానం దగ్గరికి. వాళ్ల అండతో తిరిగొచ్చి అన్నని ఓడించాడు. 1351 రెండో నెల 26న మొరొనావోని, అతని వాళ్లను దారిలో చంపేశారు. అన్నదమ్ములు రాజీపడ్డారు, రాజీ నిలవలేదు. ఆ ఏడాది పదో నెలలో, ఈసారి తకౌజియే దక్షిణ ఆస్థానానికి లొంగిపోయాడు! తాను కూర్చోబెట్టిన ఉత్తర చక్రవర్తి వంశాన్ని గాలికి వదిలేసి, తమ్ముణ్ణి కొట్టడానికి దక్షిణ చక్రవర్తి పత్రం తెచ్చుకున్నాడు. క్యోటోలో, కోమ్యో తర్వాత ఎక్కిన కోగోన్ కొడుకు సుకో చక్రవర్తిని దింపేశారు. కొన్ని నెలలు దేశానికి ఒక్కడే చక్రవర్తి, అతను దక్షిణం వాడు. తదయోషి కమకురాలో ఓడి, 1352 రెండో నెల 26న చనిపోయాడు. మొరొనావోని చంపి సరిగ్గా ఏడాది. విషం పెట్టారని అప్పుడే చెప్పుకున్నారు.

తకౌజి తూర్పున ఉండగా దక్షిణ సైన్యం మాట తప్పి క్యోటోలో దిగింది. తకౌజి కొడుకు యోషియకిరా పారిపోయాడు. తిరిగొచ్చేలోపు దక్షిణం వాళ్లు కోగోన్, కోమ్యో, సుకో ముగ్గురినీ, యువరాజునీ ఎత్తుకుపోయారు. రాజచిహ్నాలూ పట్టుకుపోయారు, ఇన్నాళ్లూ నకిలీవన్నవే! షోగన్ ప్రభుత్వానికి అది ఓటమి కన్నా పెద్ద దెబ్బ. కొత్త చక్రవర్తిని ఎవరు నియమించాలి? రాజచిహ్నాలు లేవు. అవి లేకపోయినా కనీసం వంశపెద్ద అయిన విశ్రాంత చక్రవర్తి ఆజ్ఞ ఉండాలి. ఒక్కరూ మిగల్లేదు. చక్రవర్తి లేకపోతే పదవులు లేవు, పత్రాలు లేవు, షోగన్ అన్న హోదాకే అర్థం లేదు.

చివరికి ఒక ముసలావిడ గుమ్మం ముందు నిలబడ్డారు. ఆమె కోగిమోన్-ఇన్, కోగోన్‌కీ కోమ్యోకీ తల్లి. కొడుకులనీ మనవణ్ణీ శత్రువుల పాలు చేసిన షోగన్ మనుషులు వచ్చి, విశ్రాంత చక్రవర్తి స్థానంలో మీరు ఆజ్ఞ ఇవ్వండి, ఇంకో మనవణ్ణి చక్రవర్తిని చేద్దాం అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పదే పదే బతిమాలించుకుని, చివరికి ఒప్పుకున్నారు. భిక్షువుగా ఆలయానికి పంపాల్సిన 15 ఏళ్ల కుర్రవాడు గో-కోగోన్ చక్రవర్తి అయ్యాడు. రాజవంశంలో పుట్టని స్త్రీ వంశపెద్దగా చక్రవర్తిని నియమించడం జపాన్ చరిత్రలో ఇదొక్కటే. ఎనిమిది శతాబ్దాల కిందటి కెయితాయి చక్రవర్తిని మంత్రులే ఎన్నుకుని ఎక్కించారన్న పాత ఉదాహరణ ఒకటి వెతికి పెట్టుకున్నారు. ఉత్తర చక్రవర్తులను షోగన్ చేతి బొమ్మలని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఈ ఘట్టం చూడాలి. బొమ్మే అయితే అంత బతిమాలే పని లేదు.

అదే 1352లో షోగన్ ప్రభుత్వం ఇంకో నిర్ణయం తీసుకుంది. ఓమి, మినో, ఓవారి రాష్ట్రాల్లో ఆలయాల, ప్రభువుల జాగీర్ల ఆదాయంలో సగం సైన్యానికి తీసుకోవచ్చని. ఒక్క ఏడాదికే అన్నారు. వెంటనే మరో ఐదు రాష్ట్రాలకు పాకింది, తర్వాత శాశ్వతమైపోయింది. షుగో అనే రాష్ట్ర సైనికాధికారులు బలిసింది దీనితోనే. క్యోటో ప్రభువుల ఇళ్లు వెలవెలబోయిందీ దీనితోనే. నా లెక్కలో ఈ యుద్ధంలో నిజంగా ఓడింది దక్షిణ ఆస్థానం ఒక్కటే కాదు, రెండు ఆస్థానాలూ.

దక్షిణం క్యోటోని నాలుగు సార్లు పట్టుకుంది: 1352, 1353, 1355, 1361. మొదటిసారి తప్ప ప్రతిసారీ ముందు నడిచింది షోగన్‌తో చెడిన సేనాని. ప్రతిసారీ కొద్ది వారాల్లో వదిలేశారు. బియ్యం బయటి నుంచి రావాల్సిన నగరం అది. బివా సరస్సు దారి, యోదో నది దారి మూస్తే లోపలివాళ్లు నిలవలేరు. మసషిగే చెప్పిన ఉపాయం అదే కదా.

1361లో జరిగిందొకటి చెప్పకుండా ఉండలేను. సైన్యం వస్తోందని నగరం వదిలి పారిపోతూ, సేనాని ససకి దోయో తన భవనాన్ని తగలబెట్టలేదు. అదే ఆనవాయితీ అయినా. గదులన్నీ అలంకరించాడు. చిత్రపటాలు వేలాడదీసి, పడకగదిలో పట్టుపరుపులు వేయించి, మాంసాలు, సారాయి సిద్ధం చేయించి, ఎవరు వస్తే వారికి ఒక గ్లాసు అందించమని ఇద్దరు భిక్షువులను ఉంచి వెళ్లాడు. వచ్చినవాడు మసషిగే మరో కొడుకు మసనోరి. తోటి సేనాని తగలబెడదామంటే వద్దన్నాడు. తాను ఖాళీ చేసి వెళ్లేటప్పుడు అంతకన్నా ఎక్కువ తిండి పెట్టించి, తన కవచం, వెండి పిడి కత్తి కూడా వదిలి వెళ్లాడు. దోయో ముసలి నక్క, కుర్రవాడి కవచం కొట్టేశాడని జనం నవ్వుకున్నారట. ఆ మసనోరి 1369లో ఉత్తరానికి లొంగిపోయి, తర్వాత మళ్లీ దక్షిణానికి వచ్చాడు.

క్యుషులో మాత్రం దక్షిణానికి నిజమైన రాజ్యమే ఉండేది. గో-దైగో కొడుకు కనెయోషి 1361 నుంచి 1372 దాకా దజైఫులో పాలించాడు. చైనాలో కొత్తగా వచ్చిన మింగ్ చక్రవర్తి అతన్నే "జపాన్ రాజు"గా గుర్తించాడు. క్యోటోని బాగా కలవరపెట్టిన విషయమిది. ఇమగవా ర్యోషున్ వెళ్లి దజైఫుని తీసుకున్నాక అక్కడి కథ చల్లబడింది.

ముగింపు తెచ్చింది అషికగా వంశపు మూడో షోగన్ యోషిమిత్సు. అతను యోషినో మీదకు దండెత్తలేదు. తన పక్షంలోని పెద్ద పెద్ద షుగోలను ఒక్కొక్కరిని విరిచాడు. 66 రాష్ట్రాల్లో 11 చేతిలో పెట్టుకున్న యమనా వంశాన్ని 1391లో క్యోటో వీధుల్లో ఓడించాడు. షోగన్‌తో చెడి దక్షిణానికి పోగల మొనగాడు ఎవరూ మిగలనప్పుడు, దక్షిణ ఆస్థానం ఎవరికీ పనికిరాకుండా పోయింది. మరుసటి ఏడాదే సంధి. ఓవుచి యోషిహిరో మధ్యవర్తి. షరతులు: దక్షిణ చక్రవర్తి గో-కమేయమా సింహాసనం అప్పగించే విధిగా రాజచిహ్నాలు ఇస్తాడు, ఇకపై రెండు వంశాలూ వంతులవారీగా ఏలతాయి, భూములు పంచుకుంటాయి. ఆయన కొద్దిమంది పరివారంతో క్యోటో వచ్చాడు. రాజచిహ్నాలు ఉత్తర చక్రవర్తి గో-కొమత్సు దగ్గరికి చేరాయి. అప్పగింత విధి జరగలేదు. 1412లో గో-కొమత్సు తన కొడుకునే ఎక్కించడంతో వంతుల మాట కూడా పోయింది. మోసపోయామన్న కోపం దక్షిణ వంశీకుల్లో చాలాకాలం ఉంది. 1443లో వాళ్ల మనుషులు రాజభవనంలో చొరబడి ఖడ్గం, మణి ఎత్తుకుపోయారు. ఖడ్గం వెంటనే దొరికింది. మణి తిరిగి క్యోటో చేరింది 1458లో, ఆ వంశపు ఇద్దరు రాకుమారులను చంపిన తర్వాత.

ఇక అసలు చక్రవర్తి ఎవరన్నది. రాజచిహ్నాలు ఎవరి దగ్గర ఉంటే వారేనని దక్షిణం తరఫున గట్టిగా వాదించింది అకిఇయే తండ్రి చికఫుసా. 1339లో హితాచిలోని ఓదా కోటలో ముట్టడి భయం మధ్య కూర్చుని రాసిన గ్రంథంలో. మూడు వందల ఏళ్ల తర్వాత మితో తోకుగవా వంశపు చరిత్రకారులు ఆ వాదాన్నే పట్టుకున్నారు. మెయిజీ చక్రవర్తి కాలానికి (1868–1912) మసషిగే రాజభక్తికి ప్రతిరూపం అయ్యాడు. 1911లో బడి పుస్తకాల్లో రెండు ఆస్థానాలనూ సమానంగా రాశారని పార్లమెంటులో గొడవ జరిగి, పుస్తకం రాసిన చరిత్రకారుడు కితా సదకిచిని పదవి నుంచి తప్పించారు. మెయిజీ చక్రవర్తి తీర్పుతో దక్షిణమే అసలైనదని తేల్చి, ఆ కాలాన్ని "యోషినో ఆస్థాన కాలం" అని పిలవమన్నారు. దక్షిణపు చోకేయిని చక్రవర్తుల జాబితాలో చేర్చింది 1926లో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చరిత్రకారులు తిరిగి రెండు ఆస్థానాల కాలమనే రాస్తున్నారు. జాబితా మాత్రం మారలేదు. గో-దైగో 96వ వాడు, గో-కొమత్సు 100వ వాడు, మధ్యలో ముగ్గురూ దక్షిణం వాళ్లే. గో-కొమత్సుకి ముందున్న ఉత్తర చక్రవర్తులకు ఆ వరుసలో సంఖ్య లేదు. ఇంత తేల్చిన మెయిజీ చక్రవర్తి స్వయంగా ఉత్తర వంశం వాడు. గో-కొమత్సు సంతతి ఆగిపోయాక, 1428లో సుకో మునిమనవణ్ణి తెచ్చి ఎక్కించారు. అప్పటి నుంచి ఈనాటి దాకా జపాన్ సింహాసనం మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ సుకో సంతతే. 1352లో శత్రువులు ఎత్తుకుపోయిన ఆ సుకోకి జాబితాలో నేటికీ అంకె లేదు.